ఒడ్డుకూ నీటికీ మధ్య ఇరవై అడుగులు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఈత కొలను చూపించకుండా ఫ్లాటు అమ్మే బిల్డరు ఇప్పుడు కనపడడు. హోప్ ఫార్మ్ కూడలి నుంచి చన్నసంద్ర, ఇమ్మడిహళ్ళి, వర్తూరు కోడి దాకా ఎటు వెళ్ళినా, ఏ సముదాయం కరపత్రం తిరగేసినా మొదటి పేజీలో నీలం నీళ్ళే. ఆ ఫ్లాట్లలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలియడానికి జనాభా లెక్కలు అక్కర్లేదు, పొద్దున్నే లిఫ్టులో నిలబడితే చాలు. కొలను పక్కన గోడకి ఓ బోర్డుంటుంది. టోపీ తప్పనిసరి, ముందు షవరు కింద తడవాలి, నూలు బట్టలు నిషిద్ధం, 'తగిన ఈత దుస్తులు' ధరించాలి. ఎవరికి తగినవో మాత్రం బోర్డు చెప్పదు.

మా కొలను దగ్గర బట్టలు మార్చుకునే గది తలుపు నుంచి నీళ్ళలోకి దిగే నిచ్చెన దాకా ఇరవై అడుగులుంటుంది. యాభై దాటిన పొట్టేసుకుని, ఒంటి మీద చొక్కా లేకుండా నేనా దూరాన్ని రోజూ దాటుతాను, దాటుతున్నానన్న ధ్యాసైనా లేకుండా. తన ఛాతీ తనది కాదనిపించే మనిషికి ఈతలో ఉన్న కష్టంలో పెద్ద వాటా ఆ ఇరవై అడుగుల్లోనే ఉంటుంది. నీళ్ళలోకి దిగాక మెడ కింద ఎవరికీ ఏమీ కనిపించదు. కిక్‌బోర్డును బడి పుస్తకంలా గుండెలకి హత్తుకుని గబగబా వచ్చి దిగిపోయే కుర్రవాళ్ళని మీరూ చూసే ఉంటారు. నేనూ చూశాను. చాలాకాలం అది చలి అనుకున్నాను.

ఈ విషయం మీద ఇంగ్లీషులో సలహాలు కుప్పలుగా ఉన్నాయి. ఏ బట్ట కొనాలి, ఏ టేపు అంటించుకోవాలి, ఏ రంగు వేసుకోవాలి. చదువుతూ పోతే నాకు ఒకటే తోచింది. ఆ సలహాల్లో ఎక్కువభాగం గట్టు మీది ఇబ్బందికి నీళ్ళలో ఖరీదు కట్టమంటున్నాయి. ఛాతీని బిగించుకోవాల్సిన అవసరం పుట్టేది నలుగురి చూపూ పడే గట్టు మీద. ఆ బిగింపు వల్ల ఊపిరి చాలక అల్లాడేది నీళ్ళలో. ఈ రెండు చోట్లనీ విడదీసి చూస్తే సగం చిక్కు అక్కడే విడుతుంది. ఒడ్డున కూర్చుని సలహా ఇచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి, కాస్త ఒడ్డు సంగతే ఎక్కువ మాట్లాడతాను.

ముందు మాట సంగతి. తన ఒళ్ళు తనది కాదనిపించే ఈ బాధని ఇంగ్లీషులో డిస్ఫోరియా అంటారు, దానికి తెలుగులో స్థిరపడిన పదం లేదు. 'ఇబ్బంది' అంటే తేలికైపోతుంది, 'వేదన' అంటే సినిమా డైలాగైపోతుంది. ఆ అనుభవం ఉన్నవాళ్ళు డిస్ఫోరియా అనే అంటున్నారు, నేనూ అదే వాడతాను. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో తమ రోగనిర్ణయ గ్రంథంలో 'జెండర్ ఐడెంటిటీ డిజార్డర్' అనే పేరు తీసేసి 'జెండర్ డిస్ఫోరియా' అని పెట్టింది. మనిషి తనని తాను ఏమని ఎరుగునో అది జబ్బు కాదు, దానికీ ఒంటికీ పొసగక కలిగే బాధే వైద్యుడు పట్టించుకోవలసింది అని ఆ మార్పుకి అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో అడుగు వేసి, 2022లో అమల్లోకి వచ్చిన వ్యాధుల పట్టిక ఐసీడీ-11లో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచే తప్పించింది.

పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా తాను మగవాణ్ణని ఎరిగిన ట్రాన్స్ పురుషులకి, ఆ రెండు గళ్ళలో దేనిలోనూ ఇమడని నాన్‌బైనరీ మనుషులకి ఈ బాధ చాలాసార్లు ఛాతీ దగ్గర గూడు కట్టుకుంటుంది. అందరికీ ఉండాలని లేదు, ఉన్నవాళ్ళకి రోజూ ఒకేలా ఉండాలనీ లేదు. అయితే ఆ ఇరవై అడుగులు వాళ్ళకి మాత్రమే దూరం అనుకోకండి. ఈడొచ్చే వయసులో మగపిల్లల్లో దాదాపు సగంమందికి కొంతకాలం ఛాతీ ఉబ్బుతుంది. గైనకోమాస్టియా అంటారు, చాలామందిలో ఒకటి రెండేళ్ళలో తనంతట తానే తగ్గిపోతుంది. ఆ ఏళ్ళలో టీషర్టు విప్పమంటే ఈత క్లాసే మానేసిన పిల్లలున్నారు. కేన్సర్‌కి రొమ్ము తీయించుకున్న స్త్రీలున్నారు. హార్మోన్లు మొదలుపెట్టిన ట్రాన్స్ స్త్రీలున్నారు. మగవాళ్ళ గంటలో చొక్కా లేకుండా దిగలేరు, ఆడవాళ్ళ గంటలో ఎవరేమంటారోనని దిగలేరు. వీళ్ళ బాధలన్నీ ఒకటి కావు. వీళ్ళందరూ దాటవలసిన గట్టు మాత్రం ఒకటే.

మన భాషలో ఓ వింత గమనించండి. 'రొమ్ము' అంటే ఆడవాళ్ళ అవయవం అనుకుంటాం. అదే రొమ్ము విరుచుకుని నిలబడ్డాడంటే వీరుడు. ఒకే మాట ఒక ఒంటి మీద దాచవలసింది, ఇంకో ఒంటి మీద చూపించవలసింది. ఈ బాధ ఉన్నవాడు పగలంతా చేసే పని సరిగ్గా దానికి ఎదురు. భుజాలు ముందుకి వంచి, చొక్కా ముందుకి లాక్కుని, వీపు గూనిగా పెట్టుకుని నడవడం. ఈతకి కావలసింది భుజాలు తెరుచుకోవడం. కొలనులో దిగిన మొదటి వారం కోచ్ ఎంత మొత్తుకున్నా ఆ భుజాలు విచ్చుకోకపోవడానికి కారణం సోమరితనం కాదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని సలహాలిచ్చేవాళ్ళు పట్టించుకోరు. మన ఊళ్ళలో ఈత నేర్చుకునేది బావిలోనో కాలువలోనో. వీపుకి సొరకాయ బుర్ర కట్టి పెద్దవాళ్ళు తోసేవాళ్ళు. మగపిల్లలు లాగుతోనో, అదీ లేకుండానో దూకేవాళ్ళు. ఆడపిల్లలు దిగినా లంగాతో దిగేవాళ్ళు, అదీ ఈడొచ్చేదాకానే. ఆ తర్వాత వాళ్ళకి బావి అంటే నీళ్ళు తోడుకునే చోటు. ఆడపిల్లగా పెంచిన ట్రాన్స్ పురుషుడికీ ఆ కట్టుబాటే వర్తించింది. అందుకే వైట్‌ఫీల్డ్ కొలనులోకి పాతికేళ్ళ వయసులో దిగుతున్నవాడు చాలాసార్లు ఈత రానివాడే. ఈత వచ్చిన మనిషి బిగుతు బట్టతో కాస్త ఆయాసపడితే ఒడ్డు పట్టుకుంటాడు. రానివాడికి ఆ ఆయాసమే మునక. దేశంలో 2022లో నీట మునిగి చనిపోయినవాళ్ళు దాదాపు 38,000 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వాళ్ళలో ఎక్కువమంది పోయింది అపార్ట్‌మెంటు కొలనుల్లో కాదు, చెరువుల్లో, నదుల్లో, కాలువల్లో. అయినా నీటికి అపార్ట్‌మెంటని గౌరవమేమీ లేదు.

ఇప్పుడు ఊపిరి లెక్క. మెడ దాకా నీళ్ళలో నిలబడితే నీటి బరువు నలువైపుల నుంచీ పక్కటెముకల్ని నొక్కుతుంది, పొట్టని లోపలికి నెట్టి డయాఫ్రమ్‌ని పైకి జరుపుతుంది. కాళ్ళలో, పొట్టలో ఉన్న రక్తం దాదాపు 700 మిల్లీలీటర్లు ఛాతీ వైపు చేరుతుంది. దాంతో ఊపిరితిత్తులు పట్టే గాలి పదో వంతు దాకా తగ్గుతుంది. ఊపిరి పీల్చడానికి కండరాలు పడే శ్రమ దాదాపు 60 శాతం పెరుగుతుందని శరీరధర్మ శాస్త్రజ్ఞులు 1960లలోనే కొలిచారు. ఇదంతా ఒంటి మీద ఏ బిగుతు బట్టా లేని మామూలు మనిషి సంగతి. ఛాతీ చదునుగా కనపడేలా బిగించే లోబట్టని బైండరు అంటారు. అంటే నీరే ఒక బైండరు. దాని మీద ఇంకో బైండరు వేసుకుంటే రెట్టింపు కట్టు.

దీనికి ఫ్రీస్టైల్ లెక్క కలపండి. ముఖం నీళ్ళలో ఉంటుంది, తల పక్కకి తిప్పినప్పుడు గాలి పీల్చడానికి ఒక్క సెకను కూడా దొరకదు. ఆ కాస్త వ్యవధిలో ఛాతీ పూర్తిగా విచ్చుకోకపోతే ప్రతి దమ్మూ అరకొరే. పాత గాలి లోపల పేరుకుంటుంది, కార్బన్ డయాక్సైడు పెరిగి మెదడు కంగారుగా గంట కొడుతుంది. నాలుగో చేతి ఊపుకే 'ఇంక నా వల్ల కాదు' అనిపిస్తుంది. కోచ్ దాన్ని భయం అంటాడు. భయం కాదు, గాలి చాలకపోవడం. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి కాబట్టి ఒంటి మీద ఏముందో కోచ్‌కి తెలియకపోతే అతని సలహా ఎప్పుడూ తప్పే అవుతుంది: 'ఇంకో ల్యాప్ కొట్టు, అదే పోతుంది.'

బైండరు మీద జరిగిన పరిశోధనల్లో అందరూ చెప్పుకునేది 2017లో అచ్చయింది. పీట్స్‌మయర్, ఆమె సహచరులు 1,800 మందిని అడిగారు. బిగించుకోవడం వల్ల ఏదో ఒక శారీరక ఇబ్బంది కలిగిందని 97 శాతం మంది చెప్పారు. వెన్నునొప్పి, ఒళ్ళు వేడెక్కడం సగానికి పైగా, ఛాతీ నొప్పి, ఆయాసం సగానికి కాస్త తక్కువగా. ఈ 97 అన్న అంకెను పట్టుకుని 'చూశారా, మానేయండి' అనేవాళ్ళున్నారు. అదే పరిశోధనలో అదే మనుషులు బిగించుకున్నాక మనసు కుదుటపడిందని, బయటికి వెళ్ళగలుగుతున్నామని కూడా చెప్పారు. ఒక సగం చదివి రెండో సగం మూసేయడం సమీక్ష కాదు. ఎక్కువ హాని కనిపించింది ఎలాస్టిక్ బ్యాండేజీలు, ప్లాస్టిక్ చుట్టలు, డక్ట్ టేపు వాడినవాళ్ళలో, బజారులో దొరికే బైండర్లు వాడినవాళ్ళలో. వారంలో కొన్ని రోజులు ఒంటికి సెలవిచ్చినవాళ్ళకి బాధలు తక్కువ. బిగించడం మొత్తంగా మంచిదా చెడ్డదా అని తగువుపడటం కంటే, ఎంతసేపు, ఏ పని చేస్తూ అన్నది చూడమని ఆ పరిశోధన చెబుతున్నట్టు నాకనిపిస్తుంది.

కొలనుకి తెస్తే దీని అర్థం సూటిగానే ఉంటుంది. రోజువారీ వాడే బైండరు నీళ్ళలోకి వద్దు. తడిస్తే బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, ఒరుసుకుని చర్మం లేస్తుంది. తలమీంచి తీసే రకమైతే ఇంకో గండం. తడిబట్ట చంకల దగ్గర చుట్టుకుపోయి రెండు చేతులూ పైన ఇరుక్కుంటాయి, గడియ వేసిన గదిలో పిలవడానికి ఎవరూ ఉండరు. ఈత కోసమే కుట్టిన బైండర్లు ఉన్నాయి, తొందరగా ఆరే బట్టతో, కాస్త వదులుగా, కొన్ని ముందు జిప్పుతో. అవి మేలే. వాటిలోనూ కొలత పట్టిక చెప్పినదానికంటే బిగుతుది కొనడం పొరపాటు, రెండింటిని ఒకదాని మీద ఒకటి వేసుకోవడం అంతకంటే పొరపాటు.

బైండరు ఖరీదు పెట్టలేనివాళ్ళు, ఇంటికి పార్శిలు వస్తే అమ్మ విప్పుతుందని జంకేవాళ్ళు చేసే పని మందుల షాపుకి వెళ్ళి క్రేప్ బ్యాండేజీ కొనుక్కోవడం. బెణికిన మడమకి కట్టే పట్టీ అది. మడమ ఊపిరి పీల్చదు. ఛాతీకి చుడితే కదిలిన కొద్దీ బిగుసుకుంటుంది, నీళ్ళలో అయితే ఊడి చేతులకి చుట్టుకుంటుంది. దీని విషయంలో మాత్రం నాకు రెండో అభిప్రాయం లేదు, ఇది వద్దే వద్దు.

బిగుతు సరిపోయిందో లేదో చూడ్డానికి నా దగ్గరో పల్లెటూరి కొలత ఉంది, వైద్యులు రాసిచ్చింది కాదు. చెడుగుడు కూత. మామూలు చొక్కాతో ఒకసారి, ఈత బట్టతో ఒకసారి, దమ్ము తెగకుండా 'చెడుగుడు చెడుగుడు' అని ఎంతసేపు కూత పెట్టగలరో చూడండి. రెండోసారి కూత బాగా ముందే తెగిపోతే ఆ బట్టకి కొలనులో పని లేదు. గట్టిగా దగ్గి చూడండి, రెండు చేతులూ చెవులకి ఆనేలా పైకెత్తి చూడండి. గదిలో పట్టేసినది నీళ్ళలో వదులు కాదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు, వెన్ను వంకర ఉన్నవాళ్ళు ఈ కొలతని కూడా నమ్ముకోకుండా డాక్టర్ని అడగాలి.

టేపు సంగతి వేరు. క్రీడాకారులు భుజానికి, మోకాలికి అంటించుకునే సాగే టేపు వంటిదే ఛాతీ కోసం అమ్ముతున్నారు. పక్కటెముకల్ని చుట్టదు కాబట్టి ఊపిరికి అడ్డం తక్కువ, నీళ్ళలో ఊడదు, నాలుగైదు రోజులు కూడా ఉంటుంది. సరిగ్గా వాడితే ఈతకి బైండరు కంటే ఇదే నయమని నా అభిప్రాయం. 'సరిగ్గా' అన్న మాటలో చాలా ఉంది. ఒక్కో వైపు ముక్క ఆ వైపే చంక కిందికి ఆగిపోవాలి, వీపు చుట్టూ తిరిగి కలుసుకోకూడదు. చనుమొన మీద జిగురు తగలకుండా చిన్న పట్టీ పెట్టాలి. ముందు ఒక చిన్న ముక్క చేతికి అంటించి ఓ రోజు చూడాలి. దురద, బొబ్బ వస్తే ఆ జిగురు మీకు పడదు. తీసేటప్పుడు సర్రున లాగితే తోలు లేచి వస్తుంది. కొబ్బరి నూనె రాసి, నానబెట్టి, స్నానంలో మెల్లగా ఒలవాలి. మన ఇళ్ళలో కొబ్బరి నూనెకి కొరత లేదు.

టేపు చాలనివాళ్ళకి, పడనివాళ్ళకి మిగిలేది మెడ దాకా ఉండే స్పోర్ట్స్ బ్రా, దాని మీద రాష్ గార్డ్. సర్ఫింగ్ చేసేవాళ్ళు వేసుకునే పొడుగు చేతుల ఈత చొక్కా అది. ఒంటిని పట్టి ఉంటుంది కానీ నొక్కదు. ముదురు రంగు, మెరవని బట్ట, ఛాతీ మీద ఏదో ఒక గీతల డిజైను ఉంటే తడిసినా ఆకారం తెలియదు. లేతరంగు టీషర్టు అన్నిటికంటే చెడ్డ ఎంపిక. నీళ్ళలో గాలి బుడగలా పైకి లేచి మెడకి చేరుతుంది, బయటికి రాగానే చర్మంలా అతుక్కుని దాచవలసినదాన్నే గీసి చూపిస్తుంది. కొలను క్లోరిన్ సాగే దారాన్ని తినేస్తుంది, పాలియెస్టర్ ఎక్కువ కలిసిన బట్ట ఎక్కువకాలం నిలుస్తుంది. ఈత కాగానే మంచినీళ్ళలో జాడించి నీడన ఆరేస్తే చాలు.

నూలు వద్దన్న నియమం మీద కొందరికి కోపం. ఆ నియమంలో న్యాయం ఉంది. నూలు పోగులు ఫిల్టరుకి అడ్డం పడతాయి, తడిసిన నూలు మనిషిని కిందికి లాగుతుంది. ఆ నియమం నైలాను, పాలియెస్టర్ చొక్కాకి వర్తించదు. చాలాచోట్ల సెక్యూరిటీ గార్డుకి ఈ తేడా ఎవరూ చెప్పలేదు, చొక్కా అంటే చొక్కాయే అతనికి. వేసవిలో ట్యాంకరు నీళ్ళ మీద నడిచే కొలనుల్లో ఈ కచ్చితత్వం ఇంకా పెరుగుతుంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి కొలనుల్లో తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నాక, నీళ్ళు మార్చాల్సి వస్తుందేమోనని అసోసియేషన్లు బట్టల వంక అనుమానంగా చూడటం సహజమే. అనుమానం తీరాల్సింది బట్ట దేనితో నేశారన్న దగ్గర. అది మగవాడి కోతా, ఆడదాని కోతా అన్న దగ్గర కాదు.

పోటీ ఈతలో ఈ కోత గొడవ ఇంకా ముదిరింది. 2010 జనవరి నుంచి అంతర్జాతీయ ఈత సమాఖ్య నియమం ప్రకారం మగవాళ్ళ ఈత బట్ట బొడ్డు పైకి రాకూడదు, మోకాలు దాటకూడదు. ఆడవాళ్ళది భుజాల నుంచి మోకాళ్ళ దాకా. అంతకు ముందు రెండేళ్ళు రికార్డులన్నీ తిరగరాసిన పాలియురిథేన్ సూట్లని ఆపడానికి పెట్టిన నియమం ఇది, ట్రాన్స్ మనుషులు అప్పుడు ఎవరి తలపులోనూ లేరు. ఫలితం మాత్రం, శస్త్రచికిత్స చేయించుకోని ట్రాన్స్ పురుషుడు మగవాళ్ళ విభాగంలో ఛాతీ కప్పుకుని ఈదలేడు. అమెరికా ఈతగాడు స్కైలర్ బైలర్‌ని హార్వర్డ్ మొదట ఆడవాళ్ళ జట్టుకి తీసుకుంది. అతను 2015లో ఛాతీ శస్త్రచికిత్స చేయించుకుని, ఆ ఏడాదే మగవాళ్ళ జట్టులో చేరి, మచ్చలు కనిపించేలా ఈది, అమెరికా విశ్వవిద్యాలయాల అగ్రశ్రేణి పోటీల్లో తానెవరో బహిరంగంగా చెప్పుకుని ఈదిన మొదటి ట్రాన్స్ ఈతగాడు అయ్యాడు. పత్రికలన్నీ అతను గెలుస్తాడా ఓడతాడా అని రాశాయి. నాకు ఆసక్తి కలిగింది వేరే దగ్గర. ఆ మచ్చలు దాచుకోకుండా నడిచిన గట్టు దగ్గర.

శస్త్రచికిత్స గురించి కొద్దిగానే చెబుతాను, అది ఈత కోసం చేయించుకునేది కాదు. గాయం పూర్తిగా మూసుకునేదాకా కొలను మాటెత్తకూడదు. అది రోజుల లెక్క కాదు, వారాల లెక్క, సర్జన్ సరేనన్నాకే. మచ్చలు ఏడాది దాకా ఎండకి నల్లబడతాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి చల్లగా ఉంటే ఎండ లేదనుకుంటాం, కానీ కాల్చేస్తుంది. సన్‌స్క్రీన్ గానీ, చొక్కా గానీ ఉండాల్సిందే. ఖర్చు భరించలేనివాళ్ళ కోసం 2022 ఆగస్టులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకి ఏడాదికి 5 లక్షల రూపాయల బీమాకి ఒప్పందం చేసింది. గుర్తింపు పత్రం కావాలి. ఇంట్లో చెప్పని కుర్రవాడికి ఆ పత్రమే కొలను కంటే లోతు.

బట్టల మీద కాపలా మనకి కొత్త కాదు. నిజాం కాలపు 1329 ఫసలీ చట్టం, అంటే 1919 నాటిది, ఆడవేషంలో వీధిలో కనిపించిన 'నపుంసకుణ్ణి' వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జులైలో, వైజయంతి వసంత మొగ్లి వేసిన పిటిషన్ మీద కొట్టేసింది. ఆ వందేళ్ళలో ఎక్కువకాలం ట్రాన్స్ పురుషుడి గురించి మన దగ్గర చట్టమూ లేదు, మాటా లేదు. కనపడకపోవడం అతనికి రక్షణ, శిక్ష కూడా. బెంగళూరులో సంగమ అనే హక్కుల సంస్థలో పనిచేసిన ట్రాన్స్ స్త్రీ ఎ. రేవతి 2016లో తన రెండో ఆత్మకథ రాస్తూ అందులో ట్రాన్స్ పురుషుల జీవితాలకి చోటిచ్చింది. దక్షిణాదిలో వాళ్ళ గొంతు అచ్చులో వినిపించిన తొలి పుస్తకాల్లో అదొకటి.

దేశవ్యాప్తంగా చూస్తే, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో తన లింగ గుర్తింపును చెప్పుకునే హక్కు మనిషిదే అంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం మూడో సెక్షను ప్రజలందరి వాడకానికి ఉన్న సౌకర్యాల్లో ట్రాన్స్ మనుషుల పట్ల వివక్ష చూపకూడదంది. ఊరి కొలనుకి, టికెట్టు పెట్టి అందరినీ రానిచ్చే కొలనుకి ఇది సూటిగా తగులుతుంది. గేటు వేసుకున్న అపార్ట్‌మెంటు కొలను 'ప్రజలందరిది' ఎలా అవుతుందని అసోసియేషన్ కార్యదర్శి అడగొచ్చు. వాదన గట్టిదే. అయితే కోర్టుకి వెళ్ళేదాకా ఆగకుండా జనరల్ బాడీ మీటింగులో ఒక్క వాక్యం మారిస్తే సరిపోయేదానికి సెక్షన్లెందుకు? 'తగిన ఈత దుస్తులు' అన్నచోట 'ఈత కోసం నేసిన బట్టతో కుట్టినది ఏదైనా, చేతులున్నదైనా లేనిదైనా, ఎవరైనా' అని రాయాలి. రెండోది, బట్టలు మార్చుకోవడానికి ఆడ మగ గదులు కాక, గడియ పడే ఒంటి గది ఒకటి. చాలా సముదాయాల్లో వికలాంగుల కోసం కట్టిన గది చీపుర్లు, క్లోరిన్ డబ్బాలు పెట్టుకోవడానికి వాడుతున్నారు. దాన్ని ఖాళీ చేయిస్తే ముందు ఎవరి కోసం కట్టారో వాళ్ళకీ దొరుకుతుంది.

ఫ్రాన్స్‌లో 2016లో సముద్ర తీరాల్లో ముస్లిం స్త్రీలు ఒళ్ళంతా కప్పుకునే ఈత సూటు బుర్కినీని నిషేధించినప్పుడు అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ నిషేధాన్ని నిలిపేసింది. 2022లో గ్రెనోబుల్ నగరం కొలనుల్లో దాన్ని అనుమతిస్తే అదే న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఒళ్ళు కప్పుకుంటే వాళ్ళకి అనుమానం, కప్పుకోకపోతే మనకి అనుమానం. గట్టు మీద బట్టల పంచాయతీ ఏ దేశంలోనూ నీటి శుభ్రతతో మొదలై నీటి శుభ్రతతో ముగియలేదు.

ఇక దిగేవాళ్ళకి నాలుగు మాటలు. నిలబడితే ఛాతీ కిందికే నీళ్ళుండే చోట మొదలుపెట్టండి, అక్కడ నీటి ఒత్తిడి తక్కువ. ఒంటరిగా వద్దు. లైఫ్‌గార్డు చూపు పడే లేను ఎంచుకోండి, ఆ ఒక్క చూపునీ భరించడం కష్టమే అయినా. వేళ్ళు చల్లబడి తిమ్మిరెక్కినా, తల తేలినా, పక్కటెముకల్లో పోటు వచ్చినా బయటికి వచ్చి ముందు బిగుతు తీసేయండి. ఫ్రీస్టైల్లో ఛాతీ నేల వైపు ఉంటుంది, ఎవరికీ కనపడదు, అందుకే చాలామందికి అదే ఇష్టం. వెల్లకిలా తేలడం ఎవరికీ ఇష్టం ఉండదు, ఛాతీ ఆకాశానికి ఎదురుగా ఉంటుంది కదా. అయినా అదే ముందు నేర్చుకోవాలి. అలసిపోయిన మనిషిని బతికించే భంగిమ అది. ముదురు రంగు రాష్ గార్డ్‌తో, ఎవరూ లేని మధ్యాహ్నం పూట, నమ్మకమైన స్నేహితుడి చెయ్యి వీపు కింద ఉండగా నేర్చుకోవచ్చు. కోచ్‌కి కథంతా చెప్పక్కర్లేదు. 'ఛాతీ దగ్గర పట్టీ ఉంది, దమ్ము తొందరగా అయిపోతుంది సార్' అంటే చాలు, అతను చూసుకుంటాడు.

పిల్లల తల్లిదండ్రులకి ఒకటి. ఎదిగే వయసులో ఎముకల మీద గంటల తరబడి బిగింపు పెద్దవాళ్ళకంటే ఎక్కువ తగులుతుంది. పిల్లాడు దాచుకుని కట్టుకుంటున్నాడంటే, విప్పించడం కంటే మంచి కొలతది కొనిపెట్టి, డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్ళడం వాడి పక్కటెముకలకి క్షేమం. ఈత క్లాసు ఎగ్గొడుతున్నాడంటే ఫీజు దండగైందని కేకలేసేముందు బట్టల గది సంగతి అడగండి.

వైట్‌ఫీల్డ్ పుట్టుక ఇక్కడ గుర్తొస్తుంది, అదీ ఏ గడిలోనూ ఇమడనివాళ్ళ కథే. 1882లో మైసూరు మహారాజు పదో చామరాజ వడయార్ ఈ నేలని యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ సంఘానికి ఇచ్చారు. దొరలు తమవాళ్ళు కాదన్న, ఇక్కడివాళ్ళూ తమవాళ్ళు కాదన్న జనం కోసం డి.ఎస్. వైట్ అడిగి తెచ్చుకున్న ఊరు, ఆయన పేరే ఊరికి మిగిలింది. ఆ పాత బంగళాలు ఇన్నర్ సర్కిల్లో ఇంకా కొన్ని ఉన్నాయి, చుట్టూ టవర్లు లేచాయి.

ఆ టవర్ల కింది కొలనుల్లో పిల్లల ఈత క్లాసు చూడండి. మణికట్టు నుంచి మోకాలి దాకా ముదురు నీలం సూట్లు, ఆడా మగా తేడా లేదు. కారణం గొప్పదేమీ కాదు, ఎండకి నల్లబడతారని తల్లులకి భయం. మన రంగు పిచ్చి మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు, కానీ ఇన్నేళ్ళకి అది చేసిన మంచి పని ఇదొక్కటే. ఒళ్ళంతా కప్పే బట్టని కొలను దగ్గర మామూలు చేసేసింది. పెద్దవాళ్ళలో అది ఇంకా రాలేదు, ఒక్క నెల తప్ప. జనవరిలో పొద్దున్న ఆరున్నర బ్యాచ్‌కి వేడిచేయని నీళ్ళు మంచులా ఉంటాయి. అప్పుడు నాతో సహా అందరూ మెడ నుంచి కప్పుకునే వస్తారు, ఎవరు ఎందుకు కప్పుకున్నారో ఎవరూ అడగరు. ఆ నెలంతా కిక్‌బోర్డులు గోడ వార పెట్టెలోనే ఉంటాయి, కోచ్ తెమ్మనేదాకా.